పడవలో పొయ్యి మీద ఎవరి కన్నూ లేదు

వేటకు బయలుదేరే బోటులో ఏమేమి ఎక్కించారని సరంగును అడిగితే తడుముకోకుండా చెబుతాడు. డీజిలు ఇన్ని లీటర్లు, ఐసు ఇన్ని దిమ్మలు, బియ్యం ఇన్ని కిలోలు, వలలు ఇన్ని. గ్యాసు బండ మాట వచ్చేసరికి రెండు వేశామని సరిపెడతాడు. ఆ బండ పరీక్ష గడువు ఎప్పటికి, గొట్టం ఏనాడు కొన్నది, పొయ్యి మరలు బిగువుగా తిరుగుతున్నాయా లేదా అని అడిగితే మాత్రం వంట కుర్రవాడి వైపు చూస్తాడు. వంట కుర్రవాడు సముద్రం వైపు చూస్తాడు.

కోస్తాలో ఇది నవ్వి ఊరుకోదగిన విషయం కాకుండా పోయింది. 2023 డిసెంబరు మొదట్లో కాకినాడ తీరానికి ఎడంగా, భైరవపాలెం దరిని వేట బోటు ఒకటి అంటుకుని, అందులోని 11 మంది మత్స్యకారులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడ్డారు. 2024 ఏప్రిల్‌లో మరో బోటులో నడి సముద్రాన గ్యాసు సిలిండరు పేలి 9 మంది కాలిన గాయాల పాలయ్యారు. కోస్టుగార్డు నౌక వచ్చి వారిని ఒడ్డుకు చేర్చింది గాని బోటు మునిగిపోయింది. అంతకు ముందు 2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో నలభై దాకా బోట్లు తగలబడినప్పుడు కూడా ఒక బోటు నుంచి మరో బోటుకు మంట పాకడానికి డీజిలుతో పాటు బోట్లలోని గ్యాసు బండలూ తోడయ్యాయి. మంట పుట్టింది పొయ్యి దగ్గరో మరెక్కడో గాని, పక్కనే బండ ఉన్న బోటు దగ్గరికి పోయి మంటలార్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇంట్లో గ్యాసు వాడడం అలవాటైన మనిషి పడవలో కూడా అదే పద్ధతి చాలుననుకుంటున్నాడు. అసలు పొరపాటు అక్కడే ఉన్నది.

కర్రపొయ్యి నాటి జాగ్రత్త

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత గోదావరి డెల్టా కాలువలు ఒక్క సేద్యానికే గాక రాకపోకలకు కూడా పనికివచ్చాయి. ధాన్యం, కొబ్బరి, కలప, ఉప్పు, మనుషులు అందరూ కాలువ మీదనే. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడు లాగడం. రోజుల తరబడి సాగే ఆ ప్రయాణాల్లో వంట కూడా పడవ మీదనే అయ్యేది. మట్టిపొయ్యి, దాని కింద మందంగా ఇసుక, పక్కన కుండతో నీళ్లు. చెక్క పడవలో నిప్పు పెట్టుకుంటున్నామన్న భయం ఆ ఇసుకలోనే కనబడుతుంది. పైగా కర్రపొయ్యి ఏం చేసినా చెప్పే చేస్తుంది. పొగ కళ్లలోకి వస్తుంది, నిప్పురవ్వ ఎగిరితే కనబడుతుంది, రాత్రి ఆర్పకుండా పడుకుంటే ఎర్రగా తెలుస్తూనే ఉంటుంది.

గ్యాసు అలాంటిది కాదు. కంటికి ఆనదు. దానికి సహజంగా వాసన కూడా ఉండదు. కారితే తెలియాలని కంపెనీ వారు ఘాటైన మందు ఒకటి కలుపుతారు, ముక్కు గుర్తుపట్టేది ఆ వాసననే. చేపల కంపు, డీజిలు వాసన, తడిసిన వలల వాసన మధ్య పది రోజులు తిరిగిన ముక్కుకు అది ఏమాత్రం తెలుస్తుందో వేరే చెప్పనక్కరలేదు. అదీగాక ఒక వాసనలో కాసేపు కూర్చుంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది.

గంగాళం వంటి పడవ

వంటగ్యాసు గాలి కంటె బరువైనది. ఇందులోని ప్రొపేను గాలికి ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్ల బరువు. కారిన గ్యాసు పైకి లేచిపోదు, నీళ్ల మాదిరి కిందికి దిగి పల్లం వెతుక్కుంటుంది. ఇంట్లో నయితే గడప కింద నుంచి వాకిట్లోకి, అక్కడి నుంచి వీధిలోకి పోయి గాలిలో కలుస్తుంది. అందుకే వంటింట్లో తలుపులు తీయమని చెబుతారు. పడవకు గడప ఏది? పడవ అంటేనే నీరు లోపలికి రాకుండా అన్ని వైపులా మూసిన గంగాళం. నీరు లోపలికి రానట్లే గ్యాసు బయటికి పోదు. అడుగుచెక్కల కిందికి దిగి అక్కడే పరచుకుని ఉంటుంది. ఆ అడుగునే ఇంజను ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది, నీళ్లు తోడే మోటారు ఉంటుంది.

గాలిలో నూటికి రెండు వంతుల గ్యాసు కలిస్తే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. రాత్రి వంట అయిన తరువాత పొయ్యి మర కొద్దిగా వదులుగా ఉండిపోయిందనుకుందాం. కలాసీలు పైన పడుకున్నారు. తెల్లవారుజామున సరంగు లేచి ఇంజను స్టార్టు చేశాడు. ఆ స్టార్టరులో పుట్టే ఒక్క రవ్వ సరిపోతుంది. అగ్గిపుల్ల గీయనక్కరలేదు, బీడీ కాల్చనక్కరలేదు. ఇలా పేలిన తరువాత అందరూ ఇంజను పేలిందనే అనుకుంటారు.

ఇంట్లో ప్రమాదం జరిగితే వీధిలోకి పరిగెత్తవచ్చు, పక్కింటివారు బిందెలతో వస్తారు. నడి గోదావరిలో ఎటు పరిగెత్తుతారు? 2018 మే నెలలో దేవీపట్నం దగ్గర పర్యాటకుల బోటు గోదావరి మీద మంటల్లో చిక్కుకున్నప్పుడు జనం బయటపడటం అదృష్టం. ఆ మంటకు వంట పొయ్యి కారణమని కాదు, నీళ్ల మీద నిప్పుకు గడువు ఎంత తక్కువో ఆ రోజు జిల్లా అంతా చూసింది.

బండ ఎక్కడ పెట్టాలి?

ఇప్పుడు చాలా పడవల్లో బండ పెట్టే చోటు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇంజను గది మూలన ఒకటి, చేపల కొట్టు పక్కన మరొకటి, ఎండ తగలకూడదని అడుగుచెక్కల కింద దాచింది ఇంకొకటి. ఎండ తగలకూడదన్నది నిజమే గాని, అందుకోసం పడవ గర్భంలో పెట్టడం పులికి భయపడి పుట్టలో చేయి పెట్టడం వంటిది.

బండ ఉండవలసింది పైన, గాలి తగిలే చోట, నీడపట్టున, విడిగా ఒక పెట్టెలో. ఆ పెట్టె గోడలకు కంతలు లేకుండా, అడుగున మాత్రం ఒక రంధ్రం పెట్టి దానిని పడవ బయటికి, నీటి మట్టానికి పైన తెరుచుకునేలా చేయాలి. కారిన గ్యాసు ఆ రంధ్రం గుండా నీళ్ల మీదికి జారిపోతుంది. ఆ రంధ్రం మీద వలో తాడో కుక్కితే పెట్టె కట్టిన ప్రయోజనం పోయినట్లే. బండను నిలువుగా నిలబెట్టి నడుముకు పట్టీ వేసి కట్టాలి. చోటు చాలదని పడుకోబెట్టి వాడితే లోపలి ద్రవం సూటిగా గొట్టంలోకి వచ్చి పొయ్యి మీద నిలువెత్తు మంట లేస్తుంది. వంట చేసేవాని కనుబొమలు మాడటం అందులో చిన్న నష్టం.

రబ్బరు గొట్టం ఒకటిన్నర మీటరుకు మించకూడదు, అతుకులు పనికిరావు, చెక్కకు బెజ్జం పెట్టి అందులోంచి దూర్చకూడదు. పడవ కదిలినప్పుడల్లా ఆ బెజ్జం అంచు గొట్టాన్ని రంపంలా కోస్తూ ఉంటుంది. గది గోడ దాటవలసి వస్తే రాగి గొట్టం వేయించి, పొయ్యి దగ్గర మాత్రమే కొద్దిపాటి రబ్బరు గొట్టం ఉంచాలి. ఈ పని గ్యాసు ఏజెన్సీ మెకానిక్కు చేయాలి గాని, వెల్డింగు షాపు కుర్రవాడు కాదు.

పొయ్యి కొనేటప్పుడు

పడవకు పొయ్యి అనగానే సంతలో చవగ్గా దొరికేది కొనుక్కువస్తున్నారు. ఇంట్లో పాతబడి పక్కన పడేసిన పొయ్యి పడవకు పంపడం మరీ పరిపాటి. ఉప్పుగాలికి రేకు పొయ్యి ఒక్క సీజను కూడా ఆగదు. స్టీలు బాడీ, బరువైన ఇత్తడి బర్నర్లు, ఐఎస్ఐ గుర్తు ఉన్న రెండు బర్నర్ల పొయ్యి చాలు. అద్దం పలక ఉన్నవి చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. అల వచ్చి పప్పు గిన్నె ఎగిరిపడితే ఆ అద్దం ఏమవుతుందో కొనేటప్పుడే ఆలోచించుకోవాలి. కాళ్ల రబ్బర్ల మీద ఊరికే నిలబెట్టకుండా పొయ్యిని బోల్టులతో బల్లకు బిగించాలి, గిన్నెలు జారకుండా చుట్టూ జానెడు ఎత్తున ఇనుప కడ్డీ అడ్డం కట్టించాలి. కమ్మరి ఒక పూటలో చేసే పని అది.

హోటళ్లలో వాడే భట్టీ పొయ్యిలు, వాటికి తగిలించే హెచ్చు పీడనం రెగ్యులేటర్లు పడవలో కాలు పెట్టకూడనివి. ఇరవై మందికి అన్నం తొందరగా ఉడుకుతుందని పర్యాటకుల పడవల వారు వీటికి ఆశపడతారు. ఇంటి పొయ్యి రెగ్యులేటరు గ్యాసును బాగా తక్కువ పీడనానికి దించి పంపిస్తుంది. అందులో చిన్న లోపం వస్తే కారేది కొంచెమే. భట్టీ గొట్టం ఊడితే అడుగు నిండటానికి ఎంతోసేపు పట్టదు.

డబ్బు కొంచెం ఎక్కువైనా కొనదగినది మరొకటి ఉన్నది. మంట ఆరిపోతే గ్యాసు తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు ఉన్న పొయ్యి. బర్నరు పక్కన సన్నని లోహపు ముల్లు ఒకటి ఉంటుంది. మంట తగులుతున్నంతసేపు అది వేడెక్కి మరను తెరిచి ఉంచుతుంది. గాలికి మంట ఆరిపోతే ముల్లు చల్లబడుతుంది, కొన్ని క్షణాల్లో మర మూసుకుంటుంది. ఇంట్లో దీని అవసరం అంతగా లేకపోవచ్చు. గాలి ఎటు కొడుతుందో తెలియని పడవలో మంట ఆరటం రోజూ జరిగేదే.

బండ విషయంలో చట్టం ఒకటి ఉన్నది, అది అందరికీ తెలిసినదే, అందరూ మరచిపోయేదే. 14.2 కిలోల ఎర్ర బండ ఇంటి వంటకు మాత్రమే. పర్యాటకులకు భోజనాలు పెట్టి డబ్బు తీసుకునే పడవలో దానిని వాడకూడదు. చిన్న పడవకు 5 కిలోల బండ నయం. చేత్తో ఎత్తి ఒడ్డుకు తేవచ్చు, చిన్న పెట్టెలో ఇముడుతుంది. గుర్తింపు కార్డు చూపితే దొరుకుతుంది. తుప్పు పట్టని ఫైబరు బండలు 2021 నుంచి వస్తున్నాయి. లోపల గ్యాసు ఎంత ఉన్నదో వెలుతురుకు పెట్టి చూస్తే కనబడుతుంది. ఉప్పునీటిలో తిరిగే వారికి, దొరికే చోట, ఇవి మంచివి.

ఏ బండ తీసుకున్నా మెడ దగ్గర రేకు మీద ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు నెలాఖరు. బి-28 అని ఉంటే 2028 జూన్ దాకా ఆ బండ పరీక్షకు గడువు ఉన్నట్టు. గడువు దాటినది ఒడ్డునే తిప్పి పంపాలి. సముద్రం మీద దానిని ఎవరూ మార్చి ఇవ్వరు.

ఇంగ్లాండు కాలువల మాట

కాలువ పడవల్లో గ్యాసు వాడకం మనకు కొత్త గాని లోకానికి కొత్త కాదు. బొగ్గు మోయడానికి తవ్విన ఇంగ్లాండు కాలువల్లో ఇప్పుడు ఏడడుగుల వెడల్పున పొడుగాటి ఇరుకు పడవలు తిరుగుతున్నాయి. వాటిలోనే కాపురాలు చేసేవారు వేలల్లో ఉన్నారు. 1997 నుంచి అక్కడ పడవలకు భద్రతా పరీక్ష పద్ధతి అమలులో ఉన్నది. నాలుగేళ్లకొకసారి పరీక్షకుడు వచ్చి బండ పెట్టె, దాని అడుగు రంధ్రం, గొట్టాలు, పొయ్యి చూసి సర్టిఫికెట్టు ఇస్తేనే కాలువ మీద తిరగటానికి లైసెన్సు. చాలా పడవల్లో బండ పక్కన చిన్న గాజు బుడ్డి వంటి పరికరం ఉంటుంది. పొయ్యి మరలన్నీ కట్టేసి దాని మీట నొక్కితే లోపలి ద్రవంలో బుడగలు వస్తాయి. బుడగ వచ్చిందంటే ఎక్కడో కారుతున్నట్టు. గాలి ఆడని గదిలో పుట్టే విషవాయువును పసిగట్టి కూత పెట్టే యంత్రం కూడా 2019 నుంచి తప్పనిసరి చేశారు.

ఆ విషవాయువు సంగతి మనవారు అసలు పట్టించుకోరు. చలికాలం రాత్రి టార్పాలిన్లు దించి, గాలి చొరకుండా బిగించి, పొయ్యి వెలిగించి వెచ్చగా కూర్చోవడం కద్దు. గాలి చాలక గ్యాసు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మత్తు, ఆ తరువాత లేవలేకపోవడం. నిప్పుల కుంపటి లోపల పెట్టుకున్నా ఇదే ప్రమాదం. మంట నీలంగా ఉండాలి. పచ్చగా మారి గిన్నెకు మసి పట్టిందంటే బర్నరు రంధ్రాలు మూసుకుపోయినట్టు, సూదితో పొడిచి కడగాలి. గిన్నెలు తోమే ఓపిక ఉన్నవారికి బర్నరు తోమే ఓపిక లేకపోవడం విచిత్రం.

సబ్బు నురుగు పరీక్ష

గాజు బుడ్డి యంత్రం మనకు లేకపోతే పోయిందేమీ లేదు. కాస్త సబ్బు నురుగు చాలు. బండ మార్చినప్పుడల్లా, ఒడ్డునే, రెగ్యులేటరు చుట్టూ, గొట్టం రెండు చివరలా నురుగు పూసి చూడాలి. బుడగ లేచిందంటే ఆ బండతో బయలుదేరకూడదు. కొందరు అగ్గిపుల్ల గీసి చూస్తారు, అది ధైర్యం కాదు. బండ నోట్లో ఉండే చిన్న రబ్బరు వాషరు ఉన్నదో లేదో, చిట్లిందో వేలితో కాదు, కంటితో చూడాలి. తెల్ల మూతను దారంతో బండకే కట్టి ఉంచాలి, పారేయకూడదు. వంట అవగానే పొయ్యి మరలతో పాటు రెగ్యులేటరు కూడా కట్టేయాలి. గొట్టం మీద సంవత్సరం వేసి ఉంటుంది. అయిదేళ్లు అన్నది ఇంటి లెక్క. ఉప్పుగాలికి, ఎండకు, ఎలుకలకు ఓర్చే పడవ గొట్టాన్ని అంతకు ముందే మార్చడం మేలు. ఎలుక కొరికిన గొట్టానికి ప్లాస్టరు చుట్టి పంపే యజమాని, ఆ బోటులో తన కొడుకును పంపుతాడా అన్నది అడగవలసిన ప్రశ్న.

వాసన వస్తే ఏం చేయాలన్నది పడవలోని ప్రతివానికీ తెలిసి ఉండాలి, వంటవానికి ఒక్కడికే కాదు. ముందు రెగ్యులేటరు కట్టాలి. స్విచ్చి వేయకూడదు, వేసి ఉన్నది తీయకూడదు. ఇంజను జోలికి పోకూడదు. తోడే మోటారు కూడా వేయకూడదు, దానిలోనూ రవ్వ పుడుతుంది. టార్పాలిన్లు ఎత్తి, చెక్కలు తీసి, జనాన్ని గాలి వచ్చే వైపుకు తరలించాలి. గ్యాసు బరువు గనుక, ప్లాస్టిక్ బకెట్టుతో నీళ్లు తోడినట్టే అడుగు నుంచి తోడి బయటికి పోయవచ్చు. చూసేవారికి ఖాళీ బకెట్టు కుమ్మరిస్తున్నట్టు ఉంటుంది, నవ్వినా ఫరవాలేదు. పొడి మందు చల్లే అగ్నిమాపక యంత్రం ఒకటి, తడి గోనెసంచి ఒకటి పొయ్యికి చేయి అందే దూరంలో కాక, మనిషి పారిపోయే దారిలో ఉండాలి. మంట పొయ్యి దగ్గరే కదా లేచేది. గ్యాసు కారితే ఒడ్డున ఉన్నవారు 1906కు, సముద్రం మీద ఆపద వస్తే కోస్టుగార్డు 1554కు ఫోను చేయవచ్చు.

ఎవరి బాధ్యత?

తనిఖీ అంటే ఇంజను, లైఫ్ జాకెట్లు, కాగితాలు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన తరువాత లైఫ్ జాకెట్ల మీద శ్రద్ధ పెరిగింది. మంచిదే. పొయ్యి మీద ఆ శ్రద్ధ పెట్టడానికి కూడా అంతమంది పోవాలా?

యజమానులు చెప్పే మాట ఖర్చు. వేటకయ్యే ఖర్చులు తీసివేసిన తరువాతనే వాటాలు పంచుకునే పద్ధతి చాలా బోట్లలో ఉన్నది. కొత్త గొట్టం వేసినా అందరి వాటాలోంచే పోతుందని కలాసీలు కూడా నోరు మెదపరు. మంచి గొట్టం ఖరీదు రెండు మూడు వందలు. ఒక ట్రిప్పులో తాగే టీల ఖర్చు కంటె ఎక్కువ కాదు. పొయ్యి, గొట్టం, బండ పెట్టె ఖర్చు వాటాల్లో కలపకుండా, ఇంజను మాదిరిగానే యజమాని భరించాలి. పొయ్యి పడవలో భాగమే గాని వంటవాని సొంత సామాను కాదు. ఆ వంటవాడు తరచు బోటులో అందరికంటె చిన్నవాడు, వేట పని ఇంకా రానివాడు. పొయ్యి వెలిగించేది అతడే గనుక ముందు కాలేదీ అతడే.

వెసులుబాటు లేదనే మాట కూడా చెల్లదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. రంగులు వేస్తారు, వలలు అల్లుతారు, ఇంజను విప్పి బిగిస్తారు. ఎండాకాలం కాలువలు కట్టినప్పుడు కాలువ పడవలకూ అంతే తీరిక. ఆ రోజుల్లో మత్స్యశాఖ వారు గ్యాసు ఏజెన్సీ మెకానిక్కును వెంటబెట్టుకుని రేవుకు ఒక్కరోజు వచ్చినా చాలు, వరసగా కట్టిన బోట్ల గొట్టాలన్నీ ఒక పూటలో చూడవచ్చు. గడువు దాటిన గొట్టాలు అక్కడే కోసి పారేయాలి. కోయకుండా వదిలితే మరో బోటులో తేలుతుంది.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలను 2008లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాలువల మీద మళ్లీ పడవలు నడపాలన్న మాట అప్పుడప్పుడూ వినబడుతూనే ఉన్నది. నడిస్తే వాటిలోనూ వంట జరుగుతుంది. పడవ కట్టేటప్పుడే బండ పెట్టెకు చోటు, అడుగు రంధ్రం గీతల్లో ఉండాలని లైసెన్సు ఇచ్చేవారు ఇప్పుడే షరతు పెట్టవచ్చు. కట్టిన తరువాత చెక్క కోయాలంటే ఏ యజమానీ ఒప్పుకోడు.

ఈలోగా పాత బోట్లకు వచ్చే వేట నిషేధం చాలు. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే రేవులో ఇంజన్లన్నీ ఒక్కసారి మోగుతాయి. ఆ ఇంజను మీట నొక్కే ముందు అడుగుచెక్క ఒకటి ఎత్తి, వంగి వాసన చూసే సరంగులు ఒకరిద్దరు ఇప్పటికీ ఉన్నారు. మిగిలినవారు వారిని చూసి చాదస్తమంటారు.